జారింది నోరు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 34 ఏళ్లు గుమస్తాగా చేసి, 2015లో మానేసినవాణ్ణి. ఇప్పుడు 71. కొరిటెపాడులో మా వీధి చివర టీకొట్టు బల్ల మీద కూర్చుని మీ పత్రికను మొదటి పేజీ నుంచి పెళ్లి సంబంధాల ప్రకటనల దాకా చదవడం నాకు మిగిలిన ఉద్యోగం. ఇంతవరకూ మీకు ఉత్తరం రాయలేదు. రాయాల్సినంత కోపం రాలేదు. ఇప్పుడూ కోపం కాదుగానీ, ఒక హెడ్డింగు పంటికింద రాయిలా తగిలి నాలుగు రోజులుగా ఇబ్బంది పెడుతోంది.

ఈమధ్య ఒక సభలో ఒక నాయకుడు "పేదల భూములు కాపాడటానికి" అనబోయి "పేదల భూములు కాజేయడానికి కంకణం కట్టుకున్నాం" అన్నాడు. మీరు "నోరు జారిన నేత" అని పెట్టారు. లోపల వార్తలో "టంగ్ స్లిప్ అయ్యారు" అని కూడా రాశారు. మర్నాడు ఆయన వివరణ మూడు కాలమ్‌లలో వచ్చింది. ఆ మర్నాడు "నా మాటలను వక్రీకరించారు" అని ఇంకోటి. ఆయన సంగతి ఆయన ఓటర్లు చూసుకుంటారు. నా పేచీ మీ హెడ్డింగుతో.

నోరు జారడం అని మనం దేన్నంటాం? అత్తాకోడళ్లు మాటా మాటా అనుకుంటారు. కోడలు వేడిలో అనకూడని మాట అనేస్తుంది. సాయంత్రానికి చల్లబడి "నోరు జారానత్తయ్యా" అంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్న సామెత పుట్టింది అలాంటి చోటే. అంటే మాట హద్దు దాటింది, అనకూడనంత అన్నది అని అర్థం. కడుపులో దాచుకున్న ఉద్దేశం తనకు తెలియకుండా బయటికి రావడం వేరే సంగతి. దానికి వేరే మాట ఉంది. నేను దాన్ని ఒక రైతు నోట విన్నాను, ఎప్పుడు విన్నానో కూడా గుర్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మార్చి నెల. యార్డు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో లోపల అడుగుపెడితే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకోకుండా మాట్లాడలేం. పెదనందిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన సన్నం రకం మిర్చి తెచ్చాడు. నలభై పైచిలుకు టిక్కీలు, అంటే బస్తాలు. ఎండ ముదరకముందే ఒక ఖరీదుదారు వచ్చాడు. ఒక టిక్కీ మూతి విప్పించి చెయ్యి మోచేతి దాకా దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీశాడు. ఒకటి విరిచాడు. గింజ రాల్చాడు. అరచేతిలో కాయ నలిపి చూశాడు. "నెమ్ముంది. తాలుంది. రంగేదీ? ఇది నాకు పనికిరాదు" అని గుప్పెడు కాయనూ టిక్కీ మీద విసిరేశాడు. అంతా ఆట. ఆ ఆట లేకుండా బేరం లేదు, అందరికీ తెలుసు. ఇక మొహం చిట్లించుకుని మా యజమాని వైపు తిరిగి "సరే, రేటెంత?" అనాలి. తిరిగాడు, మొహం చిట్లించాడు, "సరే, కాటా ఎప్పుడు?" అన్నాడు.

కాటా అంటే కొన్న తర్వాత తూకం. రేటు తెగకుండా కాటా ఎవరూ అడగరు.

మా యజమాని నవ్వలేదు. పెన్ను మూత తీసి, చీటీ మీద క్వింటాలుకు నూటయాభై ఎక్కువ వేసి ఆయన ముందుకు జరిపాడు. ఆయన చూసి గుటక వేసి, నలభై తగ్గించి ఒప్పుకున్నాడు. టిక్కీల మీద కూర్చున్న పెద్దాయన బీడీ ఆర్పి నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "పాపం, బయటపడిపోయాడయ్యా."

నోరు జారాడు అనలేదు. ఆ మనిషి నోరు బాగానే ఉంది, తనకు అప్పగించిన అబద్ధాలన్నీ వరసగా చెప్పింది. బయటపడింది మనిషి.

ఈ 'బయటపడటం' అన్న మాటలో ఇంకో చమత్కారం ఉంది. గండం నుంచి బయటపడ్డాడంటే తప్పించుకున్నాడని. మాటల్లో బయటపడ్డాడంటే దొరికిపోయాడని. ఒకే మాట అటూ ఇటూ కోస్తుంది. నాయకుల వివరణలు చదివినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది. పాపం మొదటి రకంగా బయటపడాలని చూస్తూ రెండో రకంగా ఇంకాస్త బయటపడుతుంటారు.

నేనూ బయటపడ్డాను ఒకసారి. చెప్పకపోతే అన్యాయం. పదేళ్ల సర్వీసు అయ్యాక ఇంకో కొట్టువాళ్లు నెలకు మూడొందలు ఎక్కువిస్తామని కబురు పెట్టారు. ఆలోచిస్తున్నాను, ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉగాదికి కొత్త చిట్టా పుస్తకాలు కుట్టించాలి. పాత పుస్తకం తిరగేస్తూ యజమానితో "ఈసారి మీ కొట్టు పుస్తకాలకు కాస్త మందం అట్ట వేయించండి" అన్నాను. అంతే. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఎక్కడికి వెళ్తున్నావురా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "పదేళ్ల నుంచి మన కొట్టు అంటున్నావు. ఇవాళ మీ కొట్టు అయింది. ఎవరు పిలిచారు, ఎంత ఇస్తామన్నారు?" అన్నాడు. నాలుక కరుచుకున్నాను. మొత్తం కక్కేశాను. రెండొందలు పెంచాడు, ఉండిపోయాను.

'మన'కూ 'మీ'కూ మధ్య ఉన్న సందులోంచి ఎంత సరుకు బయటికి పోతుందో చూడండి. ఇంగ్లీషులో ఈ 'మన' లేదు. 'మా'కూ 'మన'కూ కలిపి వాళ్లకు ఒకటే. అందుకే ఇలా దొరికిపోయే అవకాశం మన భాషలో కాస్త ఎక్కువేమో. పార్టీ మారి ఏడాదైన నాయకుడు పాత పార్టీని పొరపాటున "మన పార్టీ" అంటే నేను నవ్వుకుని వదిలేస్తాను. అది నోటికి పట్టిన అలవాటు. పార్టీలో ఉంటూనే "మీ పార్టీ" అన్నాడనుకోండి, మీ విలేకరిని సాయంత్రం ఆయన ఇంటి ముందు కాపలా పెట్టమంటాను.

ఇంకో రకం ఉంది. ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకోవడం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్న సామెతను మీరు వారానికి రెండుసార్లు అచ్చేస్తారు, కానీ ఈ కాలం పిల్లలకు అదెందుకో తెలియదు. మా మనవరాలికి తెలియదు. అది పులుసులో వేసుకునే ఎర్ర గుమ్మడి కాదు, ఇంటి గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి. దాని ఒంటి నిండా తెల్లటి బూడిద. భుజాన మోస్తే చొక్కాకు అంటుకుంటుంది. దొంగ ఇంటికి పోయి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి జనంలో నిలబడ్డాడు. ఎవరో అరవగానే చెయ్యి తనంతట తాను భుజం మీదికి పోయింది. ఇక్కడ నోటికి అసలు పనే లేదు. దీన్ని "టంగ్ స్లిప్" అని ఎలా రాస్తారు? ఉన్నమాటంటే ఉలుకెక్కువ అన్నదీ ఈ కోవలోదే. నోట్లో నువ్వుగింజ నానకపోవడం మాత్రం వేరు. వాడు దాచాలనుకోడు, దాచలేడు, అంతే. వాడితో పేచీ లేదు, రహస్యం చెప్పినవాడిదే తప్పు.

ఆ మనవరాలు డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. మీ హెడ్డింగు చూపిస్తే "తాతయ్యా, దీన్ని ఫ్రాయిడియన్ స్లిప్ అంటారు" అంది. వియన్నాలో ఫ్రాయిడ్ అనే డాక్టరు 1901లో ఈ పొరపాట్ల మీద పెద్ద పుస్తకమే రాశాడట. మరిచిపోవడాలు, పేర్లు తప్పు పలకడాలు, చేతిలోంచి వస్తువులు జారవిడవడాలు, అన్నిటి వెనకా ఏదో ఒక అణిచిపెట్టిన కోరిక ఉంటుందని ఆయన వాదన. అందులో ఒక ఉదాహరణ చదివి వినిపించింది. ఆస్ట్రియా దిగువ సభ అధ్యక్షుడు సమావేశం ప్రారంభించాల్సినవాడు లేచి నిలబడి "సభ ముగిసినట్టు ప్రకటిస్తున్నాను" అన్నాడట. ఆ సమావేశం వల్ల మంచి జరగదని ఆయనకు ముందే తెలుసు, ఎప్పుడు ముగుస్తుందా అని లోపల ఉంది, అది ముందుకొచ్చింది. బాగుంది. మా ఖరీదుదారుకు అన్న లాంటివాడు.

ఆ సాయంత్రం బ్రాడీపేటలో ఉండే ఒక రిటైరైన తెలుగు మాస్టారితో ఈ మాట అంటే, ఆయన నవ్వి "వియన్నా దాకా ఎందుకండీ, మన అలంకారశాస్త్రంలో దీనికి పేరు ఉంది, గోత్రస్ఖలనం" అన్నారు. గోత్రం అంటే నాకు తెలిసింది పెళ్లిలో పంతులుగారికి చెప్పేదే. ఇక్కడ గోత్రమంటే పేరు అట. స్ఖలనం అంటే జారడం. కథానాయకుడు భార్య దగ్గర కూర్చుని ఇంకో ఆమె పేరుతో పిలవడం. కావ్యాల నిండా ఉందట ఇది. పిలిచాక నాయిక ఏం చేసిందో కవులు పద్యాలకు పద్యాలు రాశారట.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టింది ఊర్వశి కథ. కాళిదాసు విక్రమోర్వశీయంలోది. దేవలోకంలో భరతముని నాటకం ఆడిస్తున్నాడు. ఊర్వశి లక్ష్మీదేవి వేషం కట్టింది. స్వయంవరం ఘట్టం. నీ మనసు ఎవరి మీద ఉంది అని పక్కన వేషం కట్టిన మేనక అడుగుతుంది. "పురుషోత్తముడి మీద" అనాలి. ఊర్వశి "పురూరవుడి మీద" అంది. భూలోకంలో రాజు మీద మనసు పడి ఉంది మరి. భరతముని శపించాడు. ఇంద్రుడు మాత్రం అర్థం చేసుకుని, సరే పో, కొన్నాళ్లు ఆయన దగ్గరే ఉండు అన్నాడు. దర్శకుడికి వేషం చెడిందని బాధ, ఇంద్రుడికి ఆ పిల్ల మనసు తెలిసింది.

ఇప్పుడు ఆ రెండు పేర్లూ ఒకసారి పైకి అని చూడండి. పురుషోత్తముడు, పురూరవుడు. మొదలు ఒకటే. నాలుక 'పురు' దాకా నిజాయితీగానే నడిచింది. అక్కడ రెండు దారులు కనిపించాయి. జారే వాలు నాలుకదే, ఒప్పుకుంటాను. ఎటువైపు జారాలో చెప్పింది మనసు. ఇక మీ నాయకుడి మాటలు అనండి. కాపాడటానికి, కాజేయడానికి. 'కా' దాకా ఆయన కూడా సవ్యంగానే వచ్చాడు.

ఇది మాస్టారికి చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "అలాగైతే అచ్చుతప్పును అప్పుతచ్చు అన్నవాడి మనసులో ఏముందండీ?" అన్నారు. నిజమే, ఏమీ లేదు. అక్షరాలు చోటు మార్చుకున్నాయి, అంతే. (గుమస్తాగా నాకు ఆ 'అప్పు' ముందుకు రావడంలో అనుమానం ఉంది గానీ, అది సరదాకి.) ఫ్రాయిడ్ కంటే ముందే, 1895లో, మెరింగర్ అనే భాషాపండితుడు ఇలాంటి తప్పులు పోగేసి పుస్తకం వేశాడని మనవరాలు చెప్పింది. ఆయన చూసింది ధ్వనులు ఎలా తారుమారవుతాయో. అదీ నిజమే. మా అమ్మ నన్ను పిలవాలంటే ముందు మా అన్న పేరు, తర్వాత మా చెల్లెలి పేరు, ఒక్కోసారి గేదె పేరు దాటుకుని నా దగ్గరికి వచ్చేది. దాని వెనక ఏ కోరికా వెతకక్కర్లేదు. ఇంటినిండా పని.

మరి ఏది జారడం, ఏది బయటపడటం అని ఎలా తేల్చాలి? నాకు తెలిసిన కొలత ఒకటే, అది యార్డులో నేర్చుకున్నది. తప్పు పడ్డాక మనిషి ఏం చేస్తున్నాడో చూడాలి. ఉత్తినే నోరు జారినవాడు "అదే, పురుషోత్తముడు" అని దిద్దుకుని ముందుకు పోతాడు. బయటపడినవాడు ఆగి వివరించడం మొదలుపెడతాడు. ఎవరూ అడగకుండా. ఆ ఖరీదుదారు కూడా చీటీ చూశాక పావుగంట సేపు, కాటా అన్నది వేరే కొట్టు సరుకు గురించి అని మాకు చెప్తూనే ఉన్నాడు. మీ నాయకుడి వివరణ మూడు కాలమ్‌లు.

ఈ కొలత అన్నిచోట్లా పనిచేయదనీ ఒప్పుకోవాలి. 2022 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ బుష్ డల్లాస్‌లో మాట్లాడుతూ, ఒక్క మనిషి నిర్ణయంతో జరిగిన పూర్తి అన్యాయమైన, క్రూరమైన దాడి అని రష్యాను తిట్టబోయి, "ఇరాక్ మీద" అన్నాడు. ఉక్రెయిన్ అనాలి. 2003లో ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపింది తనే. వెంటనే దిద్దుకున్నాడు, ఇరాక్ కూడా అన్నట్టు ఏదో గొణిగాడు, డెబ్భై అయిదు అని తన వయసు చెప్పాడు, సభలో నవ్వారు. ఫోన్లో ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. వివరణ ఇవ్వలేదు, అలాగని ఊరికే దాటిపోనూ లేదు. మా యార్డు తక్కెడలో ఆయన ఎటూ తూగలేదు. వయసు సంగతి మాత్రం నాకు తెలుసు, పేర్లు తడబడతాయి. కానీ ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ వదిలి ఆ ఒక్క పేరే వచ్చిందే!

ఇంకొక్క మాట చెప్పి మీ సమయం వదిలేస్తాను. 'ఇంగితం' అని మనకో మాట ఉంది. "ఇంగితం లేదా నీకు?" అని పిల్లల్ని తిడుతుంటాం, బుద్ధీ మర్యాదా లేదా అన్న అర్థంలో. మాస్టారు చెప్తే తెలిసింది, ఇంగితం అంటే అసలు మనసులో ఉన్నదాన్ని బయటపెట్టే కదలిక అట. కనుబొమ్మ, చూపు, చెయ్యి, గొంతు. దాన్నిబట్టి లోపలి ఉద్దేశం పసిగట్టడం ఇంగితజ్ఞానం. ఆ లెక్కన మా యజమాని ఇంగితజ్ఞానంలో ఎమ్మే. నాలుగో తరగతి దాకా చదివాడు. విలేకరులకు కూడా ఈ చదువు అవసరమని నాకనిపిస్తుంది. సభలో ఆ మాట దొర్లినప్పుడు వేదిక మీద పక్కన కూర్చున్నవాళ్ల మొహాలు ఎలా మారాయో మీ వార్తలో ఒక్క ముక్క లేదు. నేనైతే ముందు అదే చూసేవాణ్ణి.

కాబట్టి నేను కోరేది చిన్నది. కోపంలో అన్నదానికి "నోరు జారారు" అని రాయండి. అక్షరాలు తడబడితే "తడబడ్డారు" చాలు. ఎవరూ అడక్కుండా సంజాయిషీ ఇస్తే "భుజాలు తడుముకున్నారు" అనండి. లోపలిది పైకి వచ్చిందని మీకు నమ్మకం ఉంటే "బయటపడ్డారు" అని ధైర్యంగా పెట్టండి. నమ్మకం లేకపోతే ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు అచ్చేసి ఊరుకోండి, మేం చూసుకుంటాం. "టంగ్ స్లిప్" ఒక్కటి మానేయండి. అది ఆయన ముందే సిద్ధం చేసుకున్న సాకు. మీరెందుకు ఆయనకు ఉచితంగా అచ్చేసి పెట్టడం?

మా ఇంటి సంగతి ఒకటుంది, రాయొద్దనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. చాలా ఏళ్ల కిందట మా చెల్లెలి భర్త కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో దిగాడు. మూడు రోజులన్నది పన్నెండు రోజులైంది. మా ఆవిడ ఒక్కమాట అనలేదు, పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ. పదమూడో రోజు పొద్దున ఆయన ఇంకా దుప్పటి మడత పెడుతున్నాడు. మా ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ ఎంతో ఆదరంగా "కాఫీ తాగి వెళ్లండి అన్నయ్యగారూ" అంది. ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మధ్యాహ్నం బస్సుకు పొన్నూరు వెళ్లిపోయాడు.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, ఆ కాఫీ సంగతి తీసేయమంది. తాను అన్నది కాఫీ తాగి స్నానానికి వెళ్లమనట, నీళ్లు కాగిపోయాయట, ఆ రోజు గ్యాస్ కూడా అయిపోవచ్చిందట, అన్నయ్యగారు ఎప్పుడూ అంతేనట, మాట పూర్తిగా వినరట. నేను అడగలేదు. పది నిమిషాలు చెప్పింది.

ఇట్లు,
మిర్చి యార్డు పాత గుమస్తా,
కొరిటెపాడు, గుంటూరు